ఇంకొక్క పడవ

పూరీ, శుక్రవారం

అమ్మాయి సత్యప్రియకు, నేను కులాసా. మోకాళ్లు బస్సుకి అలవాటు పడ్డాయి.

నిన్న పొద్దున్నే మా యాత్ర బస్సువాళ్లు సముద్రానికి తీసుకెళ్లేరు. అందరూ అలల్లో ఫొటోలు దిగుతుంటే, నేను వేట నుంచి వచ్చే పడవల్ని లెక్కపెడుతూ నిలబడిపోయేను. ఎనిమిది వెళ్లేయని ఒడ్డునున్న ఆడవాళ్లు చెప్పేరు, వాళ్లదీ తెలుగే. ఏడే వచ్చేయి.

“అమ్మగారూ, బస్సు మీకోసమే ఆగిందండీ” అన్నాడు గైడు.

“ఆయ్, ఇంకొక్క పడవ రావాలండి” అన్నాను. బస్సులోవాళ్లు నవ్వేరు. నవ్వనీ. అది వచ్చేకే కదిలేను.

ఎండుచేపలు మంచుకి తడవకుండా రాత్రిళ్లు లోపల పెడుతున్నావా?

మీ మావయ్య పడవ దిగగానే ముందు ఒడ్డున నాకోసం చూస్తారు. అడిగితే ఒప్పుకోరులే. నేను వచ్చేదాకా నా చోట నువ్వు నిలబడమ్మా.

చల్లగా ఉండండి.
మీ అత్త నూకాలమ్మ