మూర్తికి నేను కప్పిన శాలువా

శనివారం, నల్లగండ్ల

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఇవాళ మూర్తి పాత జపాన్ రోబో కార్టూన్ల మీద ఉపన్యసించాడు. వాటిలో యుద్ధం ఒట్టి సాకేనట, రోబో లోపల కూర్చున్న పిల్లవాడి భయమే అసలు కథట. ఒకటే చప్పట్లు. ముప్పై ఏళ్ల కిందట నా నవలలో నేను చేసిందీ అదే. "మనిషి ఉన్నాడు, కథ లేదు" అని పత్రికలో దాన్ని కొట్టిపారేసింది ఈ మూర్తే.

పెద్దవాణ్ణని శాలువా నా చేతే కప్పించారు.

"జర నవ్వుండ్రి సార్, కొట్లాటకు వచ్చినట్టున్నరు," అన్నాడు ఫొటో తీస్తున్న సెక్రటరీ మల్లేశ్.

మూర్తి నా చెవి దగ్గరికి వంగాడు. "మీ నవల మళ్ళీ చదవాలండీ. ఒక కాపీ ఇస్తారా?"

లేవన్నాను. మంచం కింద రెండు కట్టలు విప్పకుండానే ఉన్నాయి. ఇప్పుడతనికి నచ్చితే ఆ ఘనత కార్టూన్లకే పోతుంది. మళ్ళీ నచ్చకపోతే...