నాలుగుంబావుకు వెలిగే లైటు

సోమవారం

బావమరిదికి బావ దీవెనలు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నువ్వు బిగించిన ఆ మాట్లాడే డబ్బా ఇంట్లో ఏ మూల ఏమన్నా వింటోంది. కాగితం మీద రాస్తే దానికి వినపడదు. అందుకని బస్టాపులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

సంగతి ఇది. మీ అక్క కుట్టుపని చేసుకునే వెనక గదిలో సాయంత్రం నాలుగుంబావుకు లైటు దానంతటదే వెలుగుతోంది. వెంటనే డబ్బా, "వెనక గదిలో ఎవరో ఉన్నారు" అంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఆవిడ పోయి రెండేళ్ళు. మిషన్ కళ్ళబడితే నాకు ముద్ద దిగడం లేదని నువ్వే దాన్ని మీ ఇంటికి తీసుకుపోయావు. ఇప్పుడా గదిలో నాలుగు గోడలూ ఒక స్టూలూ తప్ప ఏమీ లేవు. ఆవిడ రోజూ మిషన్ ముందు కూర్చునేది సరిగ్గా నాలుగుంబావుకే.

నీ పనితనాన్ని తప్పుపట్టడం లేదు. నీ పనితనానికి భయపడుతున్నాను.

వరండాలో కాపురం పెట్టిన
నీ బావ

తా.క.: మొన్న ధైర్యం చేసి "ఎవరు?" అని అరిచాను. "క్షమించండి, మీరన్నది అర్థం కాలేదు" అంది డబ్బా. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మీ అక్క ఒక్కసారి కూడా నన్ను క్షమించమనలేదు. కాబట్టి అది ఆవిడ కాదు. ఆవిడ కాకపోతే మరీ భయం.


బుధవారం

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. కంగారు పడకండి. లైటును వెలిగించే ఆ గోడ మీది సెన్సర్‌కు కదలిక ఉంటే చాలు, మనిషే కానక్కర్లేదు. కిటికీలోంచి పడే ఎండ, ఊగే తెర, లోపల దూరిన సాలీడు, అయిపోవచ్చిన బ్యాటరీ. వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. రోజుకొకటి చొప్పున చూడండి. ఒకేసారి రెండు మార్చకండి, దేనివల్ల బాగైందో తెలియదు. మార్చింది రాసిపెట్టుకోండి. గడియారాలు విప్పుతూ బిగిస్తూ నేను నేర్చుకున్నది ఇంతే.

కొట్లోంచి,
మీ బావమరిది

తా.క.: అక్క నన్నూ ఎప్పుడూ క్షమించమనలేదు.


మంగళవారం

బావమరిదికి,

నువ్వు చెప్పినట్టే చేశాను, రాసుకున్నాను కూడా. గురువారం తెర తీశాను. బనియన్‌తో కిటికీ దగ్గర నిలబడ్డ నన్ను చూసి ఎదురింటి టీచరమ్మ తలుపేసుకుంది. శుక్రవారం కిటికీకి అట్ట కొట్టాను. శనివారం సాలీడు కోసం సెన్సర్ విప్పాను. సాలీడు లేదు. ఆదివారం నేనేమీ చేయలేదు, అదీ ఏమీ చేయలేదు. నిన్న దాన్ని గోడ మీంచి ఊడబీకి, బ్యాటరీ తీసేసి, ఇనుపపెట్టెలో పెట్టి తాళం వేసి, పెట్టె మీద నేనే కూర్చున్నాను.

నాలుగుంబావుకు లైటు వెలిగింది. "వెనక గదిలో ఎవరో ఉన్నారు" అంది డబ్బా. "నేనేనమ్మా" అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇక నావల్ల కాదు. ఇల్లు అమ్మేస్తాను. శుక్రవారం కొనేవాళ్ళు వస్తారు. నీలం తెరకైనా పసుపు దుప్పటికైనా మీ అక్క వేసిన ఎర్రదారం కుట్లే ఈ ఇంటినిండా. వదిలిపోవాలంటే ప్రాణం పోతోంది. ఉందామంటే అంతకంటే ముందే పోయేలా ఉంది. ఆలోగా నువ్వేమైనా తేలిస్తే సరే.

నీ బావ

తా.క.: వాళ్ళను మూడింటికే రమ్మన్నాను. నాలుగయ్యేసరికి టీ తాగిద్దామని వీధి చివరికి తీసుకుపోతాను.


బుధవారం

బావగారికి నమస్కారాలు.

తప్పు నాది. నా రోజు పుస్తకం తిరగేస్తే దొరికింది.

నాకు పేర్లు పెట్టడం చేతకాదు. ఏ వస్తువుకైనా కొన్న తేదీనే పేరుగా రాస్తాను. మీ గదికొక సెన్సర్, నా ఇంటి వెనక గదికొక సెన్సర్ ఒకే రోజు కొన్నాను. రెండింటికీ ఒకే పేరు పడింది. రెండిళ్ళ సామానూ నా ఫోన్‌లో ఒకే ఖాతా కింద ఉంది. మీ లైటుకూ డబ్బాకూ జత కలిపేటప్పుడు మీదానికి బదులు నాదాన్ని నొక్కాను. అంటే, నా వెనక గదిలో ఏదైనా కదిలితే మీ ఇంట్లో లైటు వెలుగుతుంది.

దయ్యం లేదు. ఇల్లు అమ్మకండి. మీరు సరేనంటే ఇక్కడినుంచే సరిచేస్తాను.

సిగ్గుతో,
మీ బావమరిది

తా.క.: ఇకమీదట తేదీ పక్కన ఎవరిల్లో కూడా రాస్తాను.


శనివారం

బావమరిదికి వెయ్యి దీవెనలు.

నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. కొనేవాళ్ళకు టీ ఇప్పించి, ఇల్లు మాత్రం ఇవ్వనని పంపేశాను. రాత్రి లోపలే పడుకున్నాను.

ఒక్క కోరిక. దాన్ని సరిచేయకు. నువ్వు రోజూ నాలుగుంబావుకు ఆ గదిలోకి వెళ్తావనీ, ముప్పావుగంట ఉంటావనీ, ఆదివారం సెలవు తీసుకుంటావనీ ఇక్కడ కూర్చునే తెలుస్తోంది. నెలకో మాట మాట్లాడే మనిషివి. లైటైనా నీ కబురు చెప్పనీ.

ఇంతకీ అక్కడేం చేస్తుంటావు? మీ అక్క మిషన్ ఆ గదిలోనే పెట్టావు కదా, కుట్టు నేర్చుకుంటున్నావా, దొంగా?

నిశ్చింతగా,
నీ బావ

తా.క.: మధ్యలో అయిదు నిమిషాలు లైటు ఆరుతుంది. దారం తెగుతోందా, టీకి లేస్తున్నావా?


శుక్రవారం

బావగారికి నమస్కారాలు.

మీ ప్రశ్న చదివి మళ్ళీ రోజు పుస్తకం తీశాను. నాలుగుంబావుకు నేను ఇంట్లో ఉండను. పదకొండేళ్ళుగా ఆదివారం తప్ప ఆ వేళకు కొట్లోనే ఉన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. వెనక గదికి తాళం. తాళంచెవి కొట్లో సొరుగులో ఉంటుంది.

మీకు చెప్పినవన్నీ రోజుకొకటి చొప్పున చూశాను. ఆ గదికి కిటికీ లేదు, తెర లేదు. సాలీడు లేదు. బ్యాటరీ మార్చాను. ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. నిన్న మూడున్నరకే కొట్టు కట్టేసి ఇంటికొచ్చి ముందు గదిలో కూర్చున్నాను.

నాలుగుంబావుకు మిషన్ చప్పుడు మొదలైంది. మధ్యలో అయిదు నిమిషాలు ఆగింది. అయిదింటికి పూర్తిగా ఆగింది.

తాళం తీశాను. మిషన్ మీద కప్పిన గుడ్డ నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంది. జేబు చిరిగిందని పోయిన వారం ఆ గదిలో పడేసిన నా బూడిదరంగు చొక్కా మిషన్ మీద ఉంది. జేబు కుట్టి ఉంది. ఎర్రదారం.

మీరన్నట్టే ఏదీ సరిచేయలేదు. సెన్సర్ పేరు మాత్రం మార్చాను. తేదీ తీసేసి "అక్క" అని రాశాను.

ఆ చొక్కా తొడుక్కునే రాస్తున్న
మీ బావమరిది

తా.క.: చిరిగిన బట్టలేవైనా ఉంటే పంపండి. ఇంకొక మాట. నిన్న ఆ గుమ్మంలో నిలబడి నేనూ "ఎవరు?" అని అడిగాను. ఎవరూ క్షమించమనలేదు.