ఇస్త్రీపెట్టె ఆగిన చోట

మార్చి 3
పబ్లిషర్ మళ్లీ ఫోన్ చేశాడు. చివరి చాప్టర్ ఒక్కటి వస్తే పుస్తకం ప్రెస్‌కి పంపుతాడట. అయిపోవచ్చిందన్నాను. అబద్ధం.

మార్చి 5
బస్సులో ఒకాయన గుర్తుపట్టాడు. నా ఆదివారం కాలమ్ చదివాకే తమ్ముడితో మళ్లీ మాట్లాడాడట. తత్త్వశాస్త్రం తన వంటింట్లోకి వచ్చిందట. చేతులు పట్టుకుని వదల్లేదు, నా స్టాప్ దాటిపోయింది. సంతోషం వేసింది. వెంటనే గుబులు. అలాంటి వాక్యం ఇప్పుడు ఒక్కటీ రావడం లేదు.

మార్చి 6
ఎందుకు రావడం లేదో తెలిసింది. బట్టలు బయట ఇస్త్రీకి వేస్తున్నాం!
పాత అద్దె గదిలో ఆదివారం పొద్దున్నే మా ఆవిడ బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసేది. నేను గోడకి ఆనుకుని, కాలమ్ కోసం రాసింది పైకి చదివేవాణ్ణి. కిటికీలోంచి ఎండ, తడి బట్ట వేడెక్కే వాసన. ఇస్త్రీపెట్టె ఆగిన చోట పెన్సిల్‌తో టిక్ పెట్టుకునేవాణ్ణి. ఆగకుండా సాగిపోయిన పేరా కొట్టేసేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేది! ఈ సంగతి ఆమెకి చెప్పలేదు. చెబితే మొహమాటానికి ఆపుతుందని భయం.

మార్చి 9, ఆదివారం, పొద్దున 8
అటక మీంచి ఇస్త్రీపెట్టె దింపి, చొక్కాలు తడిపి ముందు పెట్టాను. ఒంట్లో బాగానే ఉందా అని మా ఆవిడ నుదురు పట్టుకుని చూసింది.

11 గంటలు
కొంప మునిగింది. చదువుతుంటే మూడు చోట్ల ఆగింది. ఆనందం పట్టలేక టిక్కులు చూపించి అసలు గుట్టు చెప్పేశాను. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ఆగేది గుండీల దగ్గరట. అక్కడ చూసుకోకపోతే గుండీ కరిగిపోతుందట.
అంటే జనం మెచ్చిన నా తత్త్వమంతా నా చొక్కా గుండీలు ఏరిపెట్టినదే. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. అసలు ఎప్పుడైనా విన్నావా అని అడగబోయి, చొక్కాలు మడతపెట్టాను.

మార్చి 10
ఏమీ రాయలేదు.

మార్చి 11
అడిగేశాను.
దిండు గలీబులు మడుస్తూనే ఒక పేరా గడగడా అప్పజెప్పింది. వాళ్ల నాన్న పోయిన ఏడాది నేను రాసినది. పోయినవాళ్ల చెప్పులు గుమ్మం దగ్గర్నుంచి ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పలేరు, అప్పటిదాకా వాటిని తొక్కకుండా దాటడమే మనం చేయగలిగింది అని. అది పేపర్లో ఎందుకు రాలేదో ఇన్నేళ్లూ అర్థం కాలేదట.
నువ్వు ఇస్త్రీ ఆపలేదు కదా అన్నాను. ఆపితే తలెత్తాల్సి వచ్చేదట. అందుకే ఆ రోజు ఒకే చొక్కా చేతిని రుద్దుతూ కూర్చుందట.
నాకు ఏడుపొచ్చింది. ఆ పేరాతోనే చివరి చాప్టర్ మొదలుపెట్టాను.

మార్చి 16, ఆదివారం
చాప్టర్ ఆమె పైకి చదివింది. ఇస్త్రీ నేను చేశాను. చొక్కా కాలింది.