చెల్లిని కూడా అడుగు నాన్నా

నాన్నా, నేను కులాసా, బెంగపెట్టుకోకు. మొదటిరోజు మా మేడం, ఈ డిగ్రీలో ఎందుకు చేరారని క్లాసులో అందర్నీ అడిగారు. ఒకడు స్నేహితుడి వెనకే వచ్చాడట. ఒకమ్మాయి లెక్కలు తప్పించుకోవడానికట. నేను లేచి, "మా నాన్న టైలరండీ, ఆయన చేరమన్నారు" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. మేడం మాత్రం, "నన్నూ మా నాన్నే చేర్పించారు, కూర్చో" అన్నారు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా దుప్పటి పంపు. చెల్లి పరీక్షలయ్యాయిగా, దాన్ని దేంట్లో చేర్చాలో నువ్వొక్కడివే తేల్చేయకు. గుడ్డ కత్తిరించే ముందు ఎవరినైనా "ఎక్కడికి వేసుకెళ్తారమ్మా?" అని అడుగుతావు కదా, దాన్నీ అడుగు. నన్ను అడగలేదులే. కాస్త బిగుతైనా, వేసుకోగా వేసుకోగా నా చదువు నాకు సరిపోతోంది. దానికి మాత్రం మొదటిరోజే సరిపోవాలి.

అమ్మకి దండాలు.

నీ పెద్దది