గుర్రం తిన్నాకే నువ్వు

మరిదీ, నేను అక్కయ్య ఇంటికి వెళ్తున్నాను. ముసలి గుర్రం దాణాను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, జావలా అయ్యాక పెట్టు. మెడ నిమురుతూ పక్కనే నిలబడు. తొందరపెట్టకు.

మూడు రోజులుగా పొడి దాణా పోసి, అది ముట్టకపోతే "ముసలిదానికి పొగరు" అని బకెట్ లాగేశావు. దాని దవడ పళ్లు అరిగిపోయాయని నిన్న పశువుల డాక్టరుగారు చెబితేగాని మనకు తెలియలేదు. పోయిన నెల నీ పన్ను పీకినప్పుడు వారం రోజులు అన్నం మెత్తగా పిసికి పెట్టాను. పొగరని కంచం లాగేశానా?

నీకిష్టమైన కూరే వండి, వంటింటికి తాళం వేశాను. వాసన కిటికీలోంచి వస్తుంది. తాళంచెవి డాక్టరుగారి దగ్గర ఉంది. నాలుగింటికి వస్తారు. గుర్రం తిన్నదని నమ్మితేనే ఇస్తారు. దాణా పారబోసి ఖాళీ బకెట్ చూపించకు, ఆయన దాని నోరు తెరిచి చూస్తారు.

మరిదిని పస్తుంచడం పాపమా అని పొద్దున దేవుణ్ణి అడిగాను. ఏమీ అనలేదు. గుర్రం పస్తున్నప్పుడూ ఏమీ అనలేదు. అందుకే ఈసారి నేనే పూనుకున్నాను.

బిస్కెట్ల డబ్బా కోసం వెతక్కు. నా సంచిలో ఉంది.