హార్లన్ సాబ్ నెత్తిన దుమ్ము

నిజ్వా దాటాక ఎడారి క్యాంపు,
ఆదివారం

శాంతవ్వకు నీ భూమయ్య రాసేది,

ఇక్కడ నేను క్షేమం, కాకపోతే ఒంటినిండా దుమ్ము. అక్కడ నువ్వూ శ్రీలతా దుమ్ము లేకుండా క్షేమమని తలుస్తాను.

నా ఫోన్ కలవడం లేదని గాబరా పడకు. పాత కంపెనీ మూతపడి రూమ్‌లో ఖాళీగా కూర్చున్నానని చెప్పాను కదా. ఫక్రుద్దీన్ అనే కాంట్రాక్టర్ రెండు నెలల డ్యూటీ చూపించాడు. గేటు దగ్గరే అందరి ఫోన్లూ సంచిలో వేసి సీలు కొట్టారు. ఇక్కడి పనేమిటో పెళ్లానికి కూడా చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పని పూర్తయిన రోజు ఇంటికి విమానం టికెట్ చేతిలో పెడతానని ఫక్రుద్దీన్ ఒట్టు వేశాడు. మూడేళ్ల తర్వాత నిన్ను చూస్తాను శాంతా. నీళ్ల ట్యాంకర్ నడిపే నిజాముద్దీన్ వారానికోసారి మస్కట్ విమానాశ్రయం దాకా వెళ్తాడు. మన జగిత్యాల దిక్కు పోయేవాళ్లకు ఉత్తరం ఇస్తాడు. వచ్చేవాళ్ల దగ్గర నీ జవాబు తీసుకుంటాడు.

పని సంగతి రాయకూడదు. సాబ్ సంగతి రాయకూడదని మాత్రం కాగితంలో లేదు. హార్లన్ సాబ్ అమెరికా మనిషి, డెబ్భై ఏళ్లుంటాయి. పొద్దునా మధ్యాహ్నం ఆయన నెత్తిన దుమ్ము పోయడం, సాయంత్రం కడిగెయ్యడం నా డ్యూటీ. నాకంటే ముందు నలుగురి దుమ్ము ఇక్కడివాళ్లకు నచ్చలేదు. నేను మేస్త్రీని కదా, ప్లాస్టరింగ్‌కు పట్టినట్టు జల్లెడ పట్టాను. చొక్కాకు సన్నది, జుట్టుకు బరకది. సాబ్ అద్దంలో చూసుకొని నా భుజం తట్టాడు.

ఆయనది నలభై ఏళ్ల సర్వీసు. పదకొండేళ్లు డాక్టరు, నాలుగేళ్లు పోలీసు, ఆ తర్వాత రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఇవన్నీ క్యాంపు నర్సు మేరీకుమారి గారు తెలుగులో చెబితే తెలిశాయి. ఆమెది రాజోలు.

ఇట్లు,
దుమ్ము మేస్త్రీ భూమయ్య

తా.క. నిన్న సాబ్ ఎడమ చెవి మీద దుమ్ము తక్కువ పడింది. ముప్పై మంది పని ఆపుకొని నా కోసం నిలబడ్డారు. మన పెళ్లిలో కూడా నా కోసం అంతమంది ఆగలేదు.


మన ఇంటి అరుగు,
శనివారం

శ్రీలత నాయినకు శాంతవ్వ రాసేది,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం వచ్చేదాకా ఇంకా బాగున్నాం.

బీడీలు చుట్టడానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందూ చదివాను. సాబ్ సర్వీసు దగ్గరికి వచ్చేసరికి ఎవరి చేతిలో ఆకు వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. డాక్టరు పోలీసెలా అయ్యాడు, పోలీసు జైలుకెలా పోయాడు? కుల్సుమ్ బీ తేల్చి చెప్పింది: "ఆపరేషన్ల ఎవలనో సంపిండు. కేసు మాఫ్ చేసుకుందామని పోలీసుల చేరిండు, దొరికిపోయిండు. గిప్పుడు పాపం కడుక్కోవాలని నెత్తిన దుమ్ము పోయించుకుంటుండు. నీ మొగనికి సమజైతలేదు."

నాకూ అదే నిజమనిపించింది. ఏ తప్పూ చెయ్యనివాడి దగ్గర ఫోన్లెందుకు గుంజుకుంటారు? టికెట్ మీద ఆశ నాకూ ఉంది. నువ్వు వచ్చే రోజు ఏ చీర కట్టాలో కూడా అనుకొని పెట్టుకున్నాను. అయినా హంతకుడి దగ్గర పనిచేసి తెచ్చుకునే టికెట్ మనకొద్దు. పాస్‌పోర్ట్ ఎక్కడుందో చూసుకో, రాత్రి తలుపు గడియ పెట్టుకో.

ఇట్లు,
నిద్రలేని శాంతవ్వ

తా.క. జైలుకు పోయినా చదివిన చదువు ఎక్కడికీ పోదు కదా. బీడీలు చుట్టీ చుట్టీ నా కుడి మణికట్టు గుంజుతోంది. ఏం చెయ్యాలో ఆయన్ను అడుగు.


ఎడారి క్యాంపు,
గురువారం

శాంతకు,

కాగితం సంగతి తర్వాత, ముందు నా కాపురం నిలబడాలి. హార్లన్ సాబ్ సినిమాల్లో, టీవీలో వేషాలు వేసే మనిషి. డాక్టరూ పోలీసూ ఖైదీ అన్నీ వేషాలే. ఇక్కడ జరిగేది షూటింగ్. ఎడారిలో తప్పిపోయిన ముసలాయన వేషానికి ఆ దుమ్ము. ఆయన చీమను కూడా తొక్కడు. కావాలంటే ఫోటో చూడు. నిన్నటి దుమ్మూ ఇవాళ్టి దుమ్మూ ఒకేలా ఉండాలని రోజూ ఫోటో తీసి నాకిస్తారు. ఒకటి మడిచి ఇందులో పెట్టాను, ఎవరికీ చూపించకు.

ఇప్పుడు అసలు కష్టం విను. శుక్రవారం సాబ్ నిజ్వా సంతకు వెళ్లాడు. ఆయన దేశపు టూరిస్టులే ఎదురొచ్చారు. గుర్తుపట్టారనుకొని నవ్వుతూ జుట్టు సర్దుకున్నాడు. వాళ్లు తమ ఫోన్ ఆయన చేతిలో పెట్టి, తమను ఫోటో తీయమన్నారు. తీశాడు. అప్పటినుంచి గది తలుపు వేసుకున్నాడు. "నలభై ఏళ్లు చేశాను, నా మొహం ఎవరికీ గుర్తులేదు, నేనెందుకు ఇక్కడ ఎండలో చావాలి అంటున్నారండి. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం వెళ్లిపోతారంట," అని మేరీకుమారి గారు చెప్పారు. ఆయన పోతే పని ఆగిపోతుంది. పని ఆగితే నా టికెట్ ఎక్కడిది? జల్లెడ పట్టిన దుమ్ము మూడు బకెట్లు అలాగే ఉంది.

ఇట్లు,
పని లేని భూమయ్య

తా.క. నీ మణికట్టు సంగతి తలుపు సందులోంచి అడిగించాను. చాలాసేపు ఆలోచించి ఉప్పు వేసిన వేడినీళ్లు అన్నాడు. పదకొండేళ్ల అలవాటు మరి.


మన అరుగు,
మంగళవారం

శ్రీలత నాయినకు,

ఫోటో ఎవరికీ చూపించొద్దన్నావు. పద్నాలుగు మందికి చూపించాను. నన్ను తిట్టేముందు మిగతాది చదువు.

కుల్సుమ్ బీ కొంగుతో ఫోటో మీది దుమ్ము తుడవబోయింది, అది ఫోటోలోని దుమ్మని తెలియక. తుడుస్తూ తుడుస్తూ కేకేసింది: "యా అల్లా, మన డాక్టర్ గాదూ?" నిజంగా మన డాక్టరే. ఇక్కడ రోజూ మధ్యాహ్నం శ్రీలత ఫోన్లో తెలుగులోకి మార్చిన అమెరికా ఆసుపత్రి సీరియల్ పెడుతుంది. ఆకు కత్తిరిస్తూ తొమ్మిదేళ్ల కథ చూశాం. అందులో ఆయన నల్లజుట్టు వాడు, ఇప్పుడు ముసలివాడయ్యాడు, కానీ ఆ కళ్లు మాకు తెలియవా? ఆయన పిల్లవాడిని బతికించిన రోజు ఇక్కడెవరికీ అన్నం సయించలేదు. ఆయన మొహం ఎవరికీ గుర్తులేదని అన్నాడా? మా అరుగు మీదికి వచ్చి అనమను.

నీ మీద మాత్రం కుల్సుమ్ బీకి కోపంగా ఉంది. "తెలుగు గంత మంచిగ మాట్లాడుతడు, నర్సమ్మ తర్జుమా ఎందుకు? నీ మొగడు అబద్ధం రాస్తుండు," అంటోంది. గొంతు వేరేవాళ్లదని శ్రీలత చెబితే నమ్మడం లేదు.

ఇది ఆదివారం లోపల ఆయనకు వినిపించు. అందరూ అడగమన్న మాట ఒకటుంది: సీరియల్లోని ఆ బంగారంలాంటి నర్సును పెళ్లి చేసుకుంటాడా లేదా?

ఇట్లు,
పద్నాలుగు మంది తరఫున శాంతవ్వ

తా.క. ఉప్పునీళ్లతో నొప్పి తగ్గింది. వేషమని నువ్వంటున్నావు, నా చెయ్యి ఒప్పుకోవడం లేదు.


ఎడారి క్యాంపు,
బుధవారం

నా శాంతకు,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం చేరింది. సాబ్ పెట్టె సర్ది మంచం మీద పెట్టుకున్నాడు. మేరీకుమారి గారు తలుపు బయట నిలబడి ఇంగ్లీషులో చదివారు. పిల్లవాడిని బతికించిన రోజు అన్నం సయించలేదనే దగ్గర లోపల దగ్గు వినిపించింది. తలుపు తెరుచుకుంది. "మళ్లీ చదవమంటున్నారండి," అన్నారామె. మూడుసార్లు చదివించుకున్నాడు. ఏడ్చాడు శాంతా, కెమెరా లేకుండా ఏడ్చాడు. పొద్దున్నే నా బకెట్ దగ్గరికి వచ్చి ఆయనే దోసిలితో నెత్తిన దుమ్ము పోసుకున్నాడు.

ఆ తర్వాత ఎంత బాగా చచ్చిపోయాడో చెప్పలేను. ఒంటెలవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నిన్నటితో పని అయిపోయింది. టికెట్ నా చేతిలో ఉంది, వచ్చే వారం శుక్రవారానికి.

ఇంకో సంగతి, గట్టిగా కూర్చొని చదువు. సాబ్ నాతో వస్తున్నాడు. తనను మరిచిపోని అరుగు చూడాలట.

మీ ప్రశ్నకు ఆయన నవ్వుతూ జవాబు చెప్పాడు. పదో ఏట నర్సును పెళ్లిరోజున చర్చిలో వదిలేసి ఆసుపత్రి యజమాని కూతురితో పోతాడట.

ఇట్లు,
నీ భూమయ్య

తా.క. కుల్సుమ్ బీ కోసం సాబ్ వెనక నిలబడి తెలుగు చెప్పే డ్యూటీ కూడా నాదే. గొంతు బరువుగా పెట్టడం బాత్‌రూమ్‌లో నేర్చుకుంటున్నాను.


మన అరుగు,
ఆదివారం

శ్రీలత నాయినకు,

ఫోన్ తిరిగి ఇచ్చారని నువ్వు మాట్లాడితే నేను ఊ కొట్టడం తప్ప ఏమీ అనలేదని నొచ్చుకోకు. చుట్టూ అందరి చెవులూ ఫోన్ మీదే ఉన్నాయి. అందుకే ఇది రాసి, సెలవు ముగించుకొని మస్కట్ వస్తున్న మన ఊరి సంజీవ్ చేతికిస్తున్నాను.

నీ ఉత్తరం అరుగు మీద చదవడం నా తప్పు. మేమింకా తొమ్మిదో ఏట్లోనే ఉన్నాం. ఆ నర్సు వేలికి మొన్ననే ఉంగరం తొడిగాడు. చర్చిలో వదిలేస్తాడని వినగానే పద్నాలుగు కత్తెరలూ ఒక్కసారే ఆగాయి. "రమ్మను నీ డాక్టర్ను," అంది కుల్సుమ్ బీ. ఆ పిలుపు నాకు మంచిగా అనిపించలేదు.

ఇంతమంది తిడుతున్నారని సాబ్‌కు చెప్పు, ఆయన ఇంకా సంతోషిస్తాడు. వీళ్ల కోపం చల్లారేదాకా రెండు రోజులు హైదరాబాద్‌లో ఉంచి మూడో రోజు తీసుకురా. వచ్చి అందరి ముందూ నర్సునే చేసుకుంటానని చెప్పాలి. నువ్వు బరువు గొంతుతో తెలుగులో చెప్పు. అప్పుడే చాయ్.

బస్టాండ్ దగ్గర ఆయన కోసం ఫ్లెక్సీ కట్టించారు. కోపంతో ఆయన మొహం తీయించేశారు. మధ్యలో ఖాళీ ఉంటే బాగుండదని శ్రీలత నీ ఫోటో వేయించింది. పది అడుగులున్నావు. మూడేళ్లు నీ మొహం అరచేతిలో ఫోన్లోనే చూశాను. ఇప్పుడు బీడీలు అప్పజెప్పడానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నీ కింద ఆగుతున్నాను. సాబ్ ఎప్పుడైనా రానీ, నువ్వు మాత్రం శుక్రవారమే రా.

ఇట్లు,
ఆ చీర తీసి పెట్టుకున్న శాంతవ్వ

తా.క. బస్సు దిగేముందు తల కడుక్కో. నెత్తిన దుమ్ముతో దిగావంటే నువ్వే డాక్టరనుకొని కత్తెరలు లేస్తాయి.