గ్యాస్ గది బయట నిలబడే మనిషిని గురించి

కర్మాగారాల భద్రతా తనిఖీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఉక్కు కర్మాగారం గ్యాస్ విభాగంలో రద్దయిన 'బయటి మనిషి' ఉద్యోగమును సోమవారం లోగా పునరుద్ధరింపజేయుట గురించి.

నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. పై విభాగంలో ఫిట్టరుగా పనిచేస్తూ గత నెల వాల్వుల గదిలో మరణించినది నా భార్య. తమ దృష్టికి తెచ్చు అంశములు:

1. కొలిమి నుంచి వచ్చే విషపు గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. ఏటా పాఠం చెప్తాను. అందువల్ల వాల్వుల గదిలోకి ఒకరు దిగితే, వారి నడుముకు కట్టిన తాడు పట్టుకుని తలుపు బయట ఇంకొకరు నిలబడడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. బయటి మనిషి కేకేస్తుండాలి. లోపలి మనిషి పలుకుతుండాలి. పలక్కపోతే లాగేయాలి. ఆ పని చేసే పెద్దాయనను, గొంతు బొంగురు కాబట్టి, అందరూ 'కోకిల' అనేవారు.

"ఏమ్మాయ్, ఉన్నావా, కునుకు తీస్తున్నావా?"

"ఉన్నాలే బాబాయ్. నువ్వు పాడుతుంటే కునుకెక్కడ పడుతుంది?"

ఇది నా భార్య ఇంట్లో అనుకరించి చూపేది.

2. గత ఏడాది విదేశంలోని ప్రధాన కార్యాలయం ఖర్చుల తగ్గింపు ఉత్తర్వు పంపింది. 'ఉత్పాదకత లేకుండా నిలబడి ఉండు సిబ్బంది' అను శీర్షిక కింద కోకిల గారి ఉద్యోగం రద్దయింది. బదులుగా లోపలికి దిగేవారి నడుముకు మీటరు ఇచ్చారు. గ్యాస్ పెరిగితే అది మోగుతుంది. దానిని కోకిల గారి చేతనే ప్రారంభింపజేసి, చప్పట్లు కొట్టి, ఆయనను ఇంటికి పంపారు.

3. ఆ రోజు మీటరు మోగింది. ఆ గ్యాసు ముందుగా కాళ్లను పడేస్తుంది. మోత వినబడుతుంది, లేవడం కుదరదు. భోజనానికి వెళ్తూ క్రేన్ ఆపరేటరు విని తలుపు తీశాడు. అప్పటికి ఆమెలో ఊపిరి లేదు. మీటరు మోగుతూనే ఉంది.

4. 'పరికరం సంతృప్తికరంగా పనిచేసినది. ఉద్యోగి స్పందించలేదు' అని విచారణ ముగించారు. ఆ మాట చెప్పడానికి మేనేజరు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"మీటర్‌లో మాత్రం ఏ లోపం లేదండి. చివరిదాకా పర్ఫెక్ట్‌గా మోగింది."

నా మరదలు మంచినీళ్లు ఇస్తూ అడిగింది: "సంతోషమండీ. ఎవరికోసం మోగిందట?"

ఆయన నీళ్లు తాగకుండా వెళ్లారు.

5. కంపెనీ వార్షిక నివేదిక చదివాను. వృద్ధి బాగుంది. రెండో కొలిమి సిద్ధమైంది. 'నిర్వహణలో ఎదురుకాగల ప్రమాదాలు' అను అధ్యాయంలో ఖనిజం ధర, కరెన్సీ మారకం, ఓడల ఆలస్యం ఉన్నాయి. వాల్వుల గది లేదు.

6. రెండో కొలిమి వెలిగించే ముందు వాల్వులు తనిఖీ చేయాలి. సోమవారం ఉదయం ఆ గదిలోకి ఒంటరిగా దిగేది, నా భార్య దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. నిన్న వచ్చింది.

"అన్నయ్యా, అక్క బూట్లు ఉన్నాయా? కంపెనీవి నాకు పడవల్లా ఉంటున్నాయి."

"వెళ్లనని చెప్పలేవా?"

"చెప్తే కోకిల బాబాయి పక్కన నన్నూ కూర్చోబెడతారు. ఇంట్లో అమ్మ ఉంది కదా."

ఇచ్చాను. సరిపోయాయి.

కావున సోమవారం లోగా బయటి మనిషిని నియమించునట్లు, అంతవరకు ఎవరూ ఒంటరిగా ఆ గదిలోకి దిగకుండునట్లు ఉత్తర్వులు ఇప్పించగలరు. నా భార్య విషయమై నేను కోరునది ఏమీ లేదు. ఈ ఒక్క విన్నపమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మృతురాలి భర్త

తా.క. అర్జీలు వరుసలోనే చూస్తారని, నా వంతు వచ్చే వారం తర్వాతేనని తమ గుమాస్తా గారు చెప్పారు. సోమవారానికి కళాశాలలో సెలవు పెట్టాను. వాల్వుల గది ప్రహరీకి ఆనుకుని ఉంది. రోడ్డు మీద నుంచి కేకేస్తే లోపలికి వినబడుతుంది, లోపలి మాట బయటికి వస్తుంది. ఆ అమ్మాయిని గది గుమ్మంలోనే నిలబెట్టి, కేకలేసి చూసుకున్నాం. పలికినంతసేపు రోడ్డు మీదే ఉంటాను. పలక్కపోతే గోడ దూకుతాను. గోడ దగ్గర ఎవడో అరుస్తున్నాడని కంపెనీ వారు తమకు ఫిర్యాదు చేయవచ్చు. దయచేసి దాన్ని కూడా వరుసలోనే చూడండి.